ఎన్నికల మరునాడు

ఎన్నికల ఫలితములు వెలువడు రోజున రేడియో ఉన్న ప్రతి ఇల్లును ఒక చిన్న సభాస్థలి అగును. పొలమునుండి వచ్చినవారు, దారినపోవుచు ఆగినవారు, పొరుగింటి పిల్లలు అందరును పెట్టె చుట్టు చేరుదురు. వార్తలు చదువువాని గొంతులో సంతోషము గాని విచారము గాని వినిపింపదు, వినిపింపరాదు. అంకెలు వరుసగా చెప్పి అతడు ముగించును. కాని అవే అంకెలు విన్న రెండిండ్లలో రెండు విధములైన రాత్రులు గడచును. ఒక ఇంట మిఠాయి పంచిపెట్టుదురు. పక్క ఇంట వార్తలు పూర్తికాక మునుపే ఎవరో లేచి మీట తిప్పివేయుదురు.

మేము నేడు మాటాడదలచినది ఆ రెండవ ఇంటివారితో. వారు వోటు వేసినది ఏ పక్షమునకని మేము అడుగబోము. ఎవరి పక్షమును మెచ్చుటయు, ఎవరి పక్షమును తెగడుటయు రేడియో పని కాదు. కాని ప్రతి ఎన్నికలోను గెలిచినవారు ఉన్నట్లే ఓడినవారును ఉందురు. గెలిచినవారికి చెప్పవలసినది చెప్పుటకు ఎందరో వత్తురు. ఓడినవారి ఇంటికి మరునాడు వచ్చి పలుకరించువారు తక్కువ. అందువలన ఈ మాటలు వారికి.

పామర్రు కూడలి సంగతి మన శ్రోతలలో చాలమందికి తెలియును. బందరునుండి బెజవాడ పోవు దారి, గుడివాడ దారి, చల్లపల్లి మీదుగా దివిసీమకు దిగు దారి, అన్నియు అక్కడ కలియును. బస్సుకోసము నిలిచినవారు, టీ కొట్టు బల్లలమీద కూర్చున్నవారు మాటాడుకొను మాటలు వినినచో దిగువ డెల్టా అంతయు ఏమనుకొనుచున్నదో తెలిసిపోవును. ఎన్నికల మరునాడు అక్కడ ఏ సంవత్సరమైనను ఒక మాట తప్పక వినిపించును: "ఇంకేముంది బాబాయ్, మన వోటు కాలువలో కలిసిపోయింది. ఇక అయిదేళ్లు మనకెందుకు?" పేర్లు మారవచ్చును, పక్షములు మారవచ్చును, ఆ మాట మాత్రము మారదు.

ఈ మాటలో రెండు భాగములున్నవి. మొదటిది, వోటు వ్యర్థమైనదనుట. రెండవది, అయిదేండ్లు మనకు పనిలేదనుట. మొదటిది లెక్కలో తప్పు. రెండవది అంతకంటె పెద్ద తప్పు. ఈ రెండింటిని వరుసగా పరిశీలింతము.

ముందు లెక్క. 2008 నాటి పునర్విభజనలో పామర్రు షెడ్యూల్డు కులములకు ప్రత్యేకించిన శాసనసభా నియోజకవర్గముగా ఏర్పడినది. నాటినుండి నాలుగు ఎన్నికలు జరిగినవి. 2009లో కాంగ్రెసు గెలిచినది. 2014లోను, 2019లోను వై.ఎస్.ఆర్. కాంగ్రెసు గెలిచినది. 2024లో తెలుగుదేశము గెలిచినది. పదునైదేండ్లలో ఒకే ఊరివారు మూడు పక్షములకు పట్టము కట్టినారు. అనగా ఆ కూడలిలో నేడు మీసము దువ్వుకొనువారు ఒకనాడు తల దించుకొన్నవారే. నేడు తల దించుకొన్నవారు నిన్న మిఠాయి పంచినవారే.

రాష్ట్రము మొత్తముమీద చూచినను ఇదే తీరు. శాసనసభలో 175 స్థానములున్నవి. 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు 151 దక్కగా తెలుగుదేశమునకు 23 మాత్రమే మిగిలినవి. 2024లో తెలుగుదేశము, జనసేన, భారతీయ జనతా పక్షము కలిసి 164 గెలువగా వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు 11 మాత్రమే మిగిలినవి. స్థానములను మాత్రమే చూచినచో రెండుసార్లును ఓడిన పక్షము తుడిచిపెట్టుకొని పోయినట్లు కనిపించును. వోట్లను చూచినచో మాట వేరు. 2019లో ఓడిన పక్షమునకు నూటికి 39 వోట్లు వచ్చినవి. 2024లో ఓడిన పక్షమునకును నూటికి 39 వోట్లే వచ్చినవి. పదిమంది వోటర్లలో దాదాపు నలుగురు! పదింట నాలుగు పాళ్లు జనము ఒక్క రాత్రిలో మాయమైపోవుట ఎట్లు సాధ్యము? వారు అదే ఊరిలో, అదే వీధిలో ఉన్నారు. వారి కోరికలును అట్లే ఉన్నవి. శాసనసభలో కుర్చీలు మాత్రమే తగ్గినవి.

ఈ వ్యత్యాసము ఎట్లు వచ్చునో చిన్న ఉదాహరణతో చెప్పెదము. ఒక ఊరిలో నూరుగురు వోటర్లు, ముగ్గురు అభ్యర్థులు ఉన్నారనుకొందము. మొదటివానికి 40, రెండవవానికి 35, మూడవవానికి 25 వోట్లు వచ్చినవి. మన పద్ధతిలో అందరికంటె ఒక్క వోటు ఎక్కువ వచ్చినవాడే గెలుచును గనుక మొదటివాడు గెలిచినాడు. అరువదిమంది అతనిని కోరలేదు. అయినను గెలుపు అతనిదే. తరువాతి ఎన్నికలో రెండవవాడు, మూడవవాడు చేతులు కలిపి ఒక్క అభ్యర్థినే నిలిపినారు. ఈసారి 60కి 40. మొదటివాని నలుబదిమందిలో ఒక్కరును జారిపోలేదు, అయినను ఓడినాడు. ఒక్క ఊరిలో జరిగినది నూరు నియోజకవర్గములలో జరిగినచో, వోట్లలో కొద్ది తేడా స్థానములలో కొండంత తేడా అగును.

ఇది మనకే ప్రత్యేకమైన వింత కాదు. బ్రిటనులో 1951లో జరిగిన ఎన్నికలలో లేబరు పక్షమునకు కోటి 39 లక్షల వోట్లు, కన్సర్వేటివులకును వారి మిత్రులకును కలిపి కోటి 37 లక్షల వోట్లు వచ్చినవి. ఎక్కువ వోట్లు వచ్చిన లేబరు పక్షమునకు 295 స్థానములు మాత్రమే దక్కినవి. తక్కువ వోట్లు వచ్చినవారికి 321 దక్కినవి. చర్చిలుగారు మరల ప్రధాని అయినారు. 1945లో ఘోరముగా ఓడినవారును ఆయనే అని మరువరాదు. ఈ పద్ధతి మంచిదా, వోట్ల నిష్పత్తిని బట్టి స్థానములు పంచు పద్ధతి మంచిదా అన్నది వేరొక చర్చ. మనము గ్రహింపవలసినది ఒక్కటే: స్థానముల లెక్క ప్రభుత్వమును నిర్ణయించును, ప్రజాభిప్రాయమును పూర్తిగా చూపదు.

ఈ పాఠమును మన కృష్ణా జిల్లా చాల ముందే, చాల ఖరీదుతో నేర్చుకొన్నది. అది 1955 నాటి మాట. పెద్దవారు తమ ఇండ్లలో ఆనాటి ముచ్చటలు వినియే ఉందురు.

1952 సాధారణ ఎన్నికలలో, అప్పటికింకను మద్రాసు రాష్ట్రములో ఉన్న ఆంధ్ర జిల్లాలలో 140 స్థానములకు కమ్యూనిస్టులు 41 గెలిచినారు. కాంగ్రెసు గెలిచినది 40. కృష్ణా జిల్లా కమ్యూనిస్టులకు పెట్టనికోట వంటిది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. టంగుటూరి ప్రకాశము పంతులుగారు ముఖ్యమంత్రి అయినారు. ఏడాది తిరిగిన కొలది దినములకే, 1954 నవంబరులో, మద్యనిషేధము విషయమున వచ్చిన అవిశ్వాస తీర్మానములో ఆ మంత్రివర్గము పడిపోయినది. తేడా ఎంత? 69కి 68. ఒక్క వోటు! వోటు వ్యర్థమనువారు ఈ ఒక్క అంకెను తలచుకొనినను చాలును.

రాష్ట్రపతి పాలన వచ్చినది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు జరిగినవి. ఈసారి కాంగ్రెసు, రంగాగారి కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశముగారి ప్రజాపార్టీ కలిసి ఐక్య కాంగ్రెసు సంఘటనగా నిలిచినవి. వీరిలో పలువురు 1952లో ఒకరిపై ఒకరు పోటీచేసినవారే. కమ్యూనిస్టులు 169 స్థానములకు నిలబడి, రాజ్యము తమదేయని నమ్మినారు. వారి సభలకు జనము కాలువలు తెగినట్లు వచ్చినారు. ఫలితములు వచ్చినవి. 196 స్థానములలో ఐక్య సంఘటనకు 146 దక్కినవి. కమ్యూనిస్టులకు దక్కినవి 15.

ఆ రాత్రి ఈ జిల్లాలో ఎన్ని గూడెములలో, ఎన్ని పాలెములలో దీపములు త్వరగా ఆరినవో లెక్కచెప్పగలవారు లేరు. కాని వోట్ల లెక్క ఉన్నది. కమ్యూనిస్టులకు నూటికి 31 వోట్లు వచ్చినవి. కాంగ్రెసు పక్షము ఒక్కదానికే వచ్చినవి నూటికి 39. అంతేకాదు, 1952లో 41 స్థానములు గెలిచిననాటికంటె, 15కు పడిపోయిననాడే కమ్యూనిస్టులకు ఎక్కువ వోట్లు వచ్చినవి. ఎక్కువచోట్ల పోటీచేయుట దీనికి ఒక కారణము. అయినను అసలు సంగతి మనము పైన చెప్పుకొన్న నూరుగురి ఊరి లెక్కయే. మొదట చీలి ఉన్న ఎదుటివారు తరువాత కలిసినారు. అంతట ఫలితము తలక్రిందులైనది.

ఇంతవరకు లెక్క. ఇక రెండవ మాట: అయిదేండ్లు మనకు పనిలేదనుట. 1955లో ఓడినవారు ఏమి చేసినారు?

1952 నుండి రాజ్యసభలో ఉన్న పుచ్చలపల్లి సుందరయ్యగారు ఈ ఎన్నికలలో గన్నవరమునుండి శాసనసభకు వచ్చినారు. ఆయనకు వెనుక కూర్చున్నవారు పదునలుగురు. ఎదుట ప్రభుత్వ పక్షమున నూటికి పైగా. అట్టి సభలో ఒక్క తీర్మానమునైనను తమ బలముచే నెగ్గించుకొనలేరు. అయినను సభకు పోయినారు, లెక్కలడిగినారు, వాదించినారు. ఆనాడు వారు ముందునుండి కోరుచున్న పెద్ద కోరిక ఒకటున్నది: తెలుగువారందరికి ఒకే రాష్ట్రము. సుందరయ్యగారు 1946లోనే "విశాలాంధ్రలో ప్రజారాజ్యము" అని ఒక పుస్తకము వ్రాసినారు. ఆ కోరిక ఒక్క పక్షముదే కాదు. కాంగ్రెసువారైన అయ్యదేవర కాళేశ్వరరావుగారు విశాలాంధ్ర మహాసభకు అధ్యక్షులుగా అందుకై పాటుపడినవారే. 1955 సెప్టెంబరులో రాష్ట్ర పునర్విభజన సంఘము, హైదరాబాదు రాష్ట్రము కొంతకాలము విడిగా ఉండుట మంచిదని చెప్పినది. అయినను వాదన ఆగలేదు. అదే ఏడు నవంబరులో ఆంధ్ర శాసనసభ విశాలాంధ్రను కోరుచు తీర్మానము చేసినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడినది. ఎన్నికలలో ఓడిన పక్షపు కోరిక, ఓడిన ఇరువది నెలలకే, గెలిచిన పక్షపు చేతులమీదుగా నెరవేరినది.

ఇందులో ఒక సూక్ష్మమున్నది. ఎన్నికలో గెలుచుట ఒకటి, మన కోరిక గెలుచుట మరొకటి. రెండును ఒక్కొక్కసారి కలిసి వచ్చును. ఒక్కొక్కసారి విడివిడిగా వచ్చును. దీనికి ఎదురు ఉదాహరణయు తెలుగునేలమీదనే ఉన్నది. 1971 లోక్‌సభ ఎన్నికలలో ప్రత్యేక రాష్ట్రము కోరిన తెలంగాణ ప్రజా సమితి ఆ ప్రాంతపు 14 స్థానములలో 10 గెలిచినది. ఎన్నిక గెలిచినది గాని కోరిక నెరవేరలేదు. నిరాశపడిన ఒక తరము వెళ్లిపోయినది. ఆ కోరికను మరొక తరమువారు అందుకొన్నారు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. ఈ రెండు సంఘటనలలో ఏది మంచిదో, ఏది చెడ్డదో నిర్ణయించుట మా ఉద్దేశము కాదు. ఆ విషయమున తెలుగువారిలోనే భిన్నాభిప్రాయములున్నవి. మేము చెప్పుచున్నది కాలపు లెక్క. ప్రజల కోరికలు శాసనసభ గడువునకు కట్టుబడి నడువవు.

అయితే శ్రోతలకు పూర్తి సత్యము చెప్పుట ధర్మము. 1962లో కమ్యూనిస్టులు ఆంధ్రప్రదేశ శాసనసభలో 51 స్థానములు గెలిచి ప్రధాన ప్రతిపక్షముగా నిలిచినారు. 1964లో పక్షము రెండుగా చీలినది. 1967లో రెండింటికిని కలిపినను 20 స్థానములే. ఈ రాష్ట్రమున వారు ఎన్నడును ప్రభుత్వము నడుపలేదు. అనగా "నేడు ఓడినచో రేపు తప్పక గెలుతుము" అనుట ఆశ కాదు. అది జాతకము చెప్పుట వంటిది. వచ్చుసారి కూడ ఓడవచ్చును. మరి ఆశ అనగా ఏమి? మనము చేయు పని ఫలితముతో నిమిత్తము లేకుండ వ్యర్థము కాదను నమ్మకమే ఆశ. భూపరిమితి కావలెనని వారు అధికారము లేకుండనే అడిగినారు. 1961లో ఒక చట్టము, 1973లో దానికంటె గట్టి చట్టము వచ్చినవి. చట్టము చేసినవారు వేరు. ఆ మాటను విడువక పట్టుకొన్నవారిలో ఓడినవారును ఉన్నారు.

ఇప్పటివరకు పక్షముల ఓటమి చెప్పితిమి. ఒక్క మనిషి ఓటమి ఎట్లుండునో చూచుటకు బందరు వరకు పోవుదము. డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆ ఊరిలో వైద్యము చేసినవారు. 1923లో అక్కడ ఆంధ్రా బ్యాంకును నెలకొల్పినవారు. 1939 జనవరిలో కాంగ్రెసు అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోసుగారితో పోటీచేసి ఓడినారు. ఆ ఓటమి దేశమంతట మారుమ్రోగినది. గాంధీమహాత్ముడు స్వయముగా దానిని పట్టాభిగారి ఓటమికంటె తన ఓటమిగా ఎంచుకొన్నారు. దేశమంతటి ఎదుట అట్లు ఓడిన మనిషి ఇంట కూర్చున్నను ఎవరును తప్పుపట్టరు. ఆయన కూర్చుండలేదు. 1942లో తక్కిన నాయకులతోపాటు అహమ్మదునగరు కోటలో బందీ అయినారు. 1948లో పురుషోత్తమదాసు టాండనుగారితో పోటీచేసి అదే అధ్యక్ష పదవికి ఎన్నికైనారు. నడుమ గడచినది తొమ్మిదేండ్లు. ఆ తొమ్మిదేండ్లలో ఆయన చేసినది పదవికొరకు ఎదురుచూచుట కాదు, పని.

పామర్రునకు ఇంకను దగ్గరగా, అదే మండలములోని నిమ్మకూరు నందమూరి తారకరామారావుగారి జన్మస్థలము. 1989లో ఆయన పక్షము 74 స్థానములకు పడిపోయినది. తాము నిలిచిన రెండు చోట్లలో ఒకటైన కల్వకుర్తిలో ఆయనే ఓడినారు. అయిదేండ్లు ప్రతిపక్షమున కూర్చున్నారు. 1994లో ఆ పక్షము 216 స్థానములతో తిరిగి వచ్చినది. ఈ ముగ్గురు నాయకుల మార్గములు వేరు, విశ్వాసములు వేరు. ఓటమి మరునాడు మంచము పట్టలేదనుటయే వారికి సామాన్యమైన గుణము.

"వారు పెద్ద నాయకులు, మేము మామూలు గృహస్థులము, మేమేమి చేయగలము?" అని శ్రోతలు అడుగవచ్చును. సరియైన ప్రశ్న. దానికి జవాబు చెప్పుటకు ముందు, ఓడినవారు సాధారణముగా చేయు మూడు పొరపాట్లను సూచించెదము.

మొదటిది, జనమును నిందించుట. "ఈ జనానికి బుద్ధి లేదు, డబ్బుకు అమ్ముడుపోయారు" అని తేల్చివేయుట. డబ్బు పంచువారు లేరని మేము అనము. కాని పొరుగువాడు మన మాట వినలేదన్నంత మాత్రమున అతడు మూఢుడు కాడు. అతనికి మనము వినని కష్టమేదో ఉండవచ్చును. అతనిని తిట్టి అయిదేండ్ల తరువాత మరల వోటడుగుటకు ఏ ముఖముతో పోగలము?

రెండవది, ఋజువు లేక అంతయు మోసమేయని ప్రచారము చేయుట. నిజముగా అక్రమము జరిగినదని నమ్మకమున్నచో చట్టము దారి చూపినది. ఫలితము ప్రకటించిన తేదీనుండి 45 రోజులలో హైకోర్టులో ఎన్నికల పిటిషను వేయవచ్చును. నియోజకవర్గములోని వోటరుకు సైతము ఆ హక్కు కలదు. ఆధారమున్నచో అక్కడికి పోవలెను. ఆధారము లేని అనుమానమును టీ కొట్టులో నాటినచో దాని పంట మనమే కోయవలసి వచ్చును. రేపు మన పక్షము గెలిచినప్పుడు ఎదుటివారును అదే మాట అందురు.

మూడవది, అన్నిటికంటె చెడ్డది, విసిగి తప్పుకొనుట. పదిమందిలో నలుగురు ఇంటికి పోయి తలుపు వేసికొన్నచో గెలిచినవారిని అడుగువారు ఉండరు. అడుగువారు లేని ప్రభుత్వము ఎంత మంచివారిదైనను మెల్లగా చెడును. దానివలన నష్టపోవువారు ఓడిన నలుగురు మాత్రమే కారు, గెలిపించిన ఆరుగురును.

ఇక చేయదగిన పనులు. ఇవి ఘనమైనవి కావు. అందువలననే ఎవరైనను చేయగలరు.

మొదటి పని వోటర్ల జాబితా. ఎన్నికల నాడు పేరు లేదని పోలింగు కేంద్రమువద్ద వాదించుట అందరును చూచినదే. ఆ తగవు తీర్చవలసిన కాలము ఎన్నికల రోజు కాదు. ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు, అనగా జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1, లెక్కకు తీసికొని, ఆనాటికి పదునెనిమిదేండ్లు నిండినవారిని జాబితాలో చేర్చుచున్నారు. క్రొత్త పేరుకు 6వ నంబరు ఫారము, తొలగింపునకు 7వది, తప్పులు సరిచేయుటకు, ఇల్లు మారినచో మార్పునకు 8వది. కాపురమునకు వచ్చిన కోడలి పేరు అత్తవారి ఊరిలో చేరినదా? చదువునకు పోయిన పిల్లవాని పేరు ఎక్కడ ఉన్నది? కాలము చేసిన తాతగారి పేరు తీసివేసినారా? తన వీధిలో ఇరువది ఇండ్లకు ఈ పని చేసిపెట్టిన మనిషి, ఏ పక్షము వాడైనను, ప్రజాస్వామ్యమునకు నిజమైన సేవ చేసినట్లే.

రెండవది గ్రామసభ. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చినప్పటినుండి గ్రామసభకు రాజ్యాంగములోనే స్థానము కలదు. ఊరి వోటర్లందరును దానిలో సభ్యులు. అక్కడ కూర్చుండుటకు గెలిచిన పక్షము వారై ఉండనక్కరలేదు. మన రాష్ట్రమున పంచాయతీ ఎన్నికలు పక్షముల గుర్తులమీద జరుగవు. అభ్యర్థుల వెనుక పక్షములుండుట అందరకు తెలిసినదే. అయినను చట్టము దృష్టిలో సర్పంచి ఊరివాడే గాని పక్షమువాడు కాడు. మంచినీటి చెరువు, మురుగుకాలువ, వీధిదీపము, శ్మశానమునకు దారి, ఇవి ఏ పక్షమునకు చెందినవి? గ్రామసభలో పదిమంది లేచి లెక్క అడిగిన ఊరిలోను, ఇద్దరు మాత్రమే సంతకములు పెట్టి వెళ్లిన ఊరిలోను పనులు ఒకే తీరుగా జరుగవు.

మూడవది నీరు. డెల్టావాసులకు దీనిని వివరింప నక్కరలేదు. ప్రకాశము బ్యారేజివద్ద వదలిన నీరు ఎగువ పొలములు తడిపి దిగువకు చేరుసరికి ఎంత మిగులునో శివారు రైతునకే తెలియును. 1997 నాటి చట్టము ప్రకారము ఆయకట్టు రైతులే నీటి సంఘములను ఎన్నుకొందురు. కాలువలో నీరు పారునప్పుడు పొలముగట్టు వద్ద ఎవని జెండా ఏ రంగుదని అది అడుగదు. ఓడిన పక్షపు రైతు ఆ సంఘము సమావేశమునకు పోవుట మానినచో ఎండునది పక్షము కాదు, అతని చేను.

నాల్గవది, వ్రాతపూర్వకముగా అడుగుట. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము ఏ పౌరుడైనను ప్రభుత్వ కార్యాలయమును ఒక కాగితముమీద ప్రశ్నించవచ్చును. సాధారణముగా 30 రోజులలో జవాబు ఇయ్యవలెను. రోడ్డుకు మంజూరైనది ఎంత, ఖర్చైనది ఎంత అని అడుగుటకు ధైర్యముకంటె ఓపిక ఎక్కువ కావలెను. అట్లే శాసనసభ్యుని వద్దకు పోవుటకు వెనుదీయరాదు. ఆయనకు వోటు వేసినవారికే గాక నియోజకవర్గము మొత్తమునకు ఆయన ప్రతినిధి. వెళ్లి, నమస్కరించి, కాగితము చేతికిచ్చి, దాని నకలు దాచుకొని రావలెను. ఆయన పని చేసినచో మెచ్చుకొనుటకు సంకోచింపరాదు. చేయనిచో ఆ నకలు వచ్చు ఎన్నికలలో మాటాడును.

అయిదవది ఇంటిలోని సంగతి. మన పల్లెలలో పక్షములు చుట్టరికములలోనికి కూడ జొరబడినవి. బావ ఒక పక్షము, బావమరిది ఒక పక్షము. ఎన్నికల తరువాత ఒకరింటి పెండ్లికి ఒకరు పోకుండుట, వియ్యంకుడు ఎదురైనచో మొగము తిప్పుకొనుట మనము ఎరుగనిది కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు వేలమంది ప్రాణములు కోల్పోయినారు. అంతకు ఎనిమిది నెలల ముందే లోక్‌సభ ఎన్నికలు జరిగినవి. మూడు నెలల తరువాత శాసనసభ ఎన్నికలు రానున్నవి. ఆ నడుమ శవములను మోసినవారు, గంజి కాచినవారు ఎవరు ఏ పక్షమునకు వోటు వేసినారని విచారింపలేదు. ఆపద వచ్చిననాడు అక్కరకు వచ్చువాడు పొరుగువాడే. అతనితో మాట పోగొట్టుకొనునంతటి విలువ ఏ ఎన్నికకును లేదు. గెలిచిన ఇంటివారికిని ఇక్కడ ఒక విన్నపము. బాణసంచా ఓడినవాని వాకిట కాల్చకుడు. మరునాడు మీరే ముందుగా పలుకరింపుడు. ఎన్నికలు మరల వచ్చును. అప్పుడు మీ ఇంటి రేడియో మీట ఎవరు తిప్పివేయుదురో ఎవరికెరుక?

మరియొక మాట వార్తలను గురించి. ఓటమి తరువాత కొందరు వార్తలు వినుటయే మానుదురు. మరికొందరు రాత్రింబవళ్లు చేతిలోని ఫోనులో తమ పక్షమువారి మాటలే వినుచు కోపము పెంచుకొందురు. రెండును మేలు కాదు. రోజునకు ఒకటి రెండుసార్లు వార్తలు వినుడు. ఎదుటి పక్షమువారి వాదమును వారి నోటనే ఒకసారి వినుడు. తరువాత పెట్టె కట్టివేసి, పైన చెప్పిన పనులలో ఒక్కటి చేయుడు. విన్నదానికంటె చేసినది మనస్సునకు ఎక్కువ కుదుట నిచ్చునని చాలమంది అనుభవము.

డెల్టాలో ప్రతి ఏడు వేసవిలో కాలువలు కట్టివేయుదురు. నీరు ఉండదు. అడుగున బురద, గుర్రపుడెక్క, విరిగిన తూము తలుపులు కనిపించును. చూచుటకు అది ఎండిపోయిన కాలువవలెనే ఉండును. కాని కాలువ బాగుచేయుటకు తగిన కాలము అదియే. పూడిక తీయుట, గట్టు వేయుట, తూము బిగించుట నీరు పారునప్పుడు సాధ్యము కాదు. ఆ రెండు నెలలు అరుగుమీద కూర్చుండి నీరు లేదని విచారించిన ఊరికి, నీరు వదలినప్పుడును చివరి మడి తడియదు.

ఓడిన పక్షమువారికి రెండు ఎన్నికల నడిమి కాలము అట్టిది. జాబితా సరిచేయుట, గ్రామసభకు పోవుట, పొరుగువానితో మాట కలుపుట, మన పొరపాటు ఎక్కడ ఉన్నదో నిజాయితీగా వెదకుట, ఇవన్నియు పూడికతీత పనులు. నీరు ఎప్పుడు వచ్చునో మన చేతిలో లేదు. వచ్చినప్పుడు పారుటకు కాలువ సిద్ధముగా ఉన్నదా అనునది మన చేతిలోనిదే.

కావున, ఫలితములు విని మీట తిప్పివేసిన ఇంటివారు మరునాటి ఉదయము మరల రేడియో పెట్టవలెనని మా కోరిక. ఊరి సంగతులు ఇంకను ఉన్నవి.